ఎలుక కోసం ఇల్లు తగలబెట్టకండి

మీ ఇంట్లో కంప్యూటరు ఉందా? ఉంటే ఈ అనుభవం మీకు కొత్త కాదు. శ్రద్ధగా ఏదో రాసుకుంటూ ఉంటారు. ఉన్నట్టుండి తెర మీద బాణం గుర్తు కదలడం మానేస్తుంది. మీట నొక్కితే అక్షరం పడదు. మూలనున్న గడియారం అంకెలు కూడా నిలిచిపోతాయి. "అయ్యో, హ్యాంగ్ అయింది!" అంటారు. ఎప్పుడో ఒకసారి అయితే ఎవరూ పట్టించుకోరు. రోజూ అలాగే అవుతూంటే ఏం చేయాలి?

ఈ మధ్య మా బడిలో పదో తరగతి అమ్మాయి ఒకతె ప్రాజెక్టు ఇవ్వలేదు. ఎందుకని అడిగాను.

"మా సిస్టమ్ మాటిమాటికీ హ్యాంగ్ అవుతోందండీ. షాపుకి తీసుకెళితే ఫార్మాట్ కొట్టారండీ. అందులో ప్రాజెక్టు పోయిందండీ."

"అసలు ఎందుకు హ్యాంగ్ అవుతోందట?"

"వైరస్ అటండీ."

"వైరస్ అని ఎలా తెలిసింది?"

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసి ఊరుకుంది. ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు మరి.

"పోనీ, ఇప్పుడు బాగా నడుస్తోందా?"

"నాలుగు రోజులు నడిచిందండీ. మళ్ళీ మామూలేనండీ."

నేను కోప్పడలేదు. కోప్పడే అర్హత నాకు లేదు. ఎందుకో చెబుతాను.

నా తప్పు

మా ఇంట్లో ముందు గదిలో, పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటరు ఒకటుంది. 2022 వేసవిలో అది జబ్బుపడింది. వచ్చే ఏటి పాఠాల పథకం టైపు చేసుకుంటూంటే హఠాత్తుగా బిగుసుకుపోయేది. ఆపి మళ్ళీ వేస్తే కాసేపు నడిచేది. మళ్ళీ బిగుసుకుపోయేది. "వైరస్ సోకినట్టుంది మాస్టారూ" అన్నాడు పక్కింటాయన. నేను పెట్టెను స్కూటరు మీద పెట్టుకుని రిపేరు షాపుకు పోయాను.

షాపులో కుర్రవాడు మంచివాడే. "ఫార్మాట్ చేసి ఓఎస్ కొట్టేస్తే సరిపోతుంది మాస్టారూ. సి డ్రైవులో ఏమైనా దాచుకున్నారా?" అని అడిగాడు కూడా. "ఏమీ లేవు, అన్నీ డి డ్రైవులోనే ఉన్నాయి" అన్నాను ధీమాగా.

అన్నీ డి డ్రైవులో లేవు. మా అమ్మ పాడిన అప్పగింతల పాటలు, రోకటి పాటలు దాదాపు నలభై, ఆమె పోవడానికి ఏడాది ముందు ఫోనులో రికార్డు చేశాను. అవి ఎప్పుడూ కళ్ళముందు ఉండాలని కంప్యూటరు తెర మీదనే ఒక ఫోల్డరులో పెట్టుకున్నాను. మనం ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప, తెర మీద పెట్టినదంతా సి డ్రైవులోనే ఉంటుందన్న సంగతి ఆనాడు నాకు తెలియదు. ఆ ఫోను అప్పటికే పాడైపోయింది. మరో ప్రతి ఎక్కడా లేదు.

ఎన్నో ఏళ్ళుగా నల్లబల్ల మీద "పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ" అని రాస్తున్నవాణ్ణి. నా ఇంట్లో యంత్రం ఒకటి ఆగితే ఆ నాలుగింటిలో ఒక్కటీ చేయలేదు. అమ్మ గొంతు పోయింది. సరిగ్గా పదిహేను రోజులకు కంప్యూటరు మళ్ళీ బిగుసుకుపోయింది.

రోగం తెలియకుండా మందు

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అని మనకొక సామెత ఉంది. ముందుగా ఫార్మాట్ చేయించడం అచ్చంగా అదే పని. ఫార్మాట్ అంటే డిస్కులో ఆ భాగం మీద ఉన్న జాబితా అంతా తుడిచివేసి, కంప్యూటరును నడిపే ప్రోగ్రాములను కొత్తగా ఎక్కించడం. లోపం ప్రోగ్రాములలో ఉంటే అది పోవచ్చు. కాని లోపం దుమ్ములో ఉంటే? వదులైన మెమరీ పలకలో ఉంటే? అరిగిన డిస్కులో ఉంటే? కరెంటులో ఉంటే? వీటిలో దేనినీ ఫార్మాట్ తాకనైనా తాకదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. ఫార్మాట్ అన్నది చిట్టచివరి చికిత్స. దానిని మొదటి పరీక్షగా వాడడం అశాస్త్రీయం.

మా చిన్నతనంలో ఎవరికైనా జ్వరం వస్తే "గాలి సోకింది" అనేవారు. ఏ గాలి? ఎక్కడ సోకింది? ఎవరూ అడిగేవారు కాదు. పేరు పెడితే చాలు, కారణం తెలిసిపోయినట్టు ఉండేది. ఇప్పుడు "వైరస్ సోకింది" అంటున్నాం. కంప్యూటరు వైరసులు నిజంగా ఉన్నాయి, హాని చేస్తాయి. నేను కాదనడం లేదు. మలేరియా కూడా నిజంగా ఉంది. అయినా రక్తపరీక్ష చేయకుండా జ్వరాలన్నిటికీ మలేరియా మందు ఇచ్చే వైద్యుణ్ణి మీరు మెచ్చుకుంటారా?

మరి ఫార్మాట్ చేయగానే బాగుపడిన కంప్యూటర్లు లేవా అంటారు. ఉన్నాయి. మాదే పదిహేను రోజులు నడిచింది. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. పండును కాకి రాల్చిందా? మన పెద్దలు దీనికి "కాకతాళీయం" అని ఒక చక్కని మాట పెట్టారు. నేను పెట్టెను షాపుకు తీసుకువెళ్ళింది రోహిణి కార్తెలో. ఇంటికి తెచ్చేసరికి మృగశిర వచ్చింది, తొలకరి పడింది, గది చల్లబడింది. కంప్యూటరు నడిచింది. ఘనత ఫార్మాటుకు దక్కింది! జూన్ నెలాఖరున వాన ముఖం చాటేసి మళ్ళీ ఎండలు మండేసరికి అసలు రంగు బయటపడింది. కాని ఈ ఎండా వానల సంగతి నాకు అప్పుడే తట్టలేదు. తర్వాత ఒక నోటు పుస్తకం చెప్పింది.

నోటు పుస్తకం చెప్పిన సంగతి

1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటరు తప్పుగా పనిచేసింది. ఆ రోజుల్లో కంప్యూటరు అంటే ఒక గది నిండా ఉండేది. దాని లోపల రిలేలు, అంటే విద్యుత్తుతో కదిలే చిన్న మీటలు, టకటకా కొట్టుకుంటూ ఉండేవి. పనివారు విప్పి చూస్తే ఒక రిలేలో చిమ్మట పురుగు ఇరుక్కుని ఉంది. వారు దానిని తీసి పారేయలేదు. లాగ్ పుస్తకంలో, వేళ రాసి, ఆ పురుగును అక్కడే అతికించారు. ప్రఖ్యాత శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ ఆ బృందంలో పనిచేసింది. ఆ పుట ఇప్పుడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. యంత్రంలో లోపాన్ని "బగ్", అంటే పురుగు అనడం అంతకు చాలాముందే ఉన్నదే. ఎడిసన్ 1878లోనే ఆ మాట వాడాడు. మనం నేర్చుకోవలసింది పురుగు కథ కాదు, పుస్తకం కథ. ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో వారు రాసిపెట్టారు.

నేనూ ఒక నోటు పుస్తకం తీశాను. అయిదు గళ్ళు గీశాను. తేదీ, వేళ. గదిలో వేడి. వేసిన ఎన్ని నిమిషాలకు ఆగింది. అప్పుడు ఏం పని చేస్తున్నాను. ఆగినప్పుడు ఏమేమి కనబడింది, వినబడింది. పది రోజులు ఏ మరమ్మతూ చేయకుండా కేవలం రాశాను. పది రోజులూ చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది!

పదకొండో రోజున పుస్తకం తిరగేస్తే సంగతి తేటతెల్లంగా కనబడింది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. మధ్యాహ్నం రెండు దాటాక వేస్తే ఇరవై నిమిషాలకే ఆగింది. టైపు చేస్తున్నా, పాట వింటున్నా, ఏమీ చేయకుండా ఊరికే ఉంచినా అంతే. పొద్దున్నా మధ్యాహ్నమూ ప్రోగ్రాములు అవే. వైరసే అయితే అది పొద్దున పూట ఎందుకు నిద్రపోతుంది? మారింది ఒక్కటే, వేడి.

అయినా ఇది ఊహ మాత్రమే. దీనిని పరికల్పన అంటాం. పరికల్పన నిజమైతే, మధ్యాహ్నం పూట పెట్టె పక్క రేకు తీసి టేబుల్ ఫ్యాను గాలి తగలనిస్తే అది ఆగకూడదు. చేశాను. రెండు గంటలు నడిచింది. మర్నాడు అదే వేళకు రేకు మూసి, ఫ్యాను తీసేశాను. ఇరవై నిమిషాల్లో ఆగింది. మూడో రోజు మళ్ళీ రేకు తీశాను. మళ్ళీ నడిచింది.

రెండో రోజు ప్రయోగం అనవసరమని మీకు అనిపించవచ్చు. నిజానికి అదే అన్నిటికన్నా ముఖ్యం. మొదటి రోజు ఒక్కదాన్నే నమ్మితే అది కాకతాళీయం కావచ్చు. కారణం తీసేస్తే రోగం పోవాలి. కారణాన్ని తిరిగి పెడితే రోగం తిరిగి రావాలి. అప్పుడు గాని దోషి దొరికినట్టు కాదు.

తరువాత ప్లగ్గు పీకి, పెట్టె విప్పి చూశాం. మనవాళ్ళు పెట్టె మొత్తాన్నీ "సీపీయూ" అంటారు కాని, అసలు సీపీయూ, అంటే ప్రాసెసరు, లోపల ఒక చిన్న పలక. ఇళ్ళలోని బల్లమీది కంప్యూటర్లలో అది 65 వాట్ల దాకా వేడి పుట్టించడం మామూలు. పాతకాలపు 60 వాట్ల బల్బు వేడి అంతా గోరంత చోట పుడుతోందనుకోండి! ఆ వేడిని లాగివేయడానికి పైన అల్యూమినియం రెక్కల దిమ్మ, దాని మీద ఫ్యాను ఉంటాయి. మా పెట్టెలో ఆ రెక్కల నడుమ దుమ్ము కంబళి ముక్కలా పేరుకుపోయి ఉంది. గాలి ఎలా పోతుంది?

ఇంకో సంగతి గమనించండి. ఫ్యాను గాలి ఏ వస్తువునూ గదికన్నా చల్లగా చేయలేదు. గది 25 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు పోతే, ఆ 17 డిగ్రీలూ దాదాపుగా ప్రాసెసరు వేడికి వచ్చి కలుస్తాయి. ఇంచుమించు 100 డిగ్రీలు దగ్గరపడితే చాలా ప్రాసెసర్లు తమను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. మరీ మించితే పని మానేస్తాయి. చుట్టూ ఉన్న ఇతర భాగాలు కూడా వేడికి తప్పులు చేస్తాయి. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపించి, ప్రాసెసరుకూ దిమ్మకూ మధ్య ఎండిపోయిన పేస్టు మార్పించాను. ఆ తర్వాత వేసవులు వచ్చాయి, పోయాయి. కంప్యూటరు ఆగలేదు.

ఈ పని రెండు నెలల ముందు చేసి ఉంటే మా అమ్మ పాటలు ఈ రోజు నా దగ్గర ఉండేవి.

ఆగిపోవడంలో రకాలు

మీ కంప్యూటరుకు కూడా దుమ్మే కారణమని నేను అనడం లేదు. అలా అంటే నేనూ "గాలి సోకింది" అన్నవాణ్ణే అవుతాను. పైకి ఒకటిగా కనబడే ఈ ఆగిపోవడంలో చాలా రకాలున్నాయి.

ముందుగా ఒక తేలిక పరీక్ష. ఆగినప్పుడు కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీట నొక్కి చూడండి. దాని చిన్న దీపం వెలిగి ఆరుతోందా? ఆ దీపాన్ని వెలిగించమని ఆజ్ఞ ఇచ్చేది కీబోర్డు కాదు, కంప్యూటరును నడిపే ప్రధాన ప్రోగ్రాము. దీపం స్పందిస్తోందంటే ఆ ప్రధాన ప్రోగ్రాముకు ఇంకా ప్రాణం ఉంది, ఏదో ఒక పని మాత్రమే చిక్కుబడి ఉండవచ్చు. కాసేపు ఆగితే తేరుకోవచ్చు కూడా. దీపం ఎంతకీ స్పందించకపోతే చిక్కు లోతుగా ఉందన్నమాట.

కొన్నిసార్లు కంప్యూటరు ఆగదు, మునిగిపోతుంది. ర్యామ్ అనే మెమరీ నిండిపోతే అది కొన్ని వివరాలను హార్డ్ డిస్కు మీదికి తోసి, కావలసినప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. తిరిగే పళ్ళెం ఉన్న హార్డ్ డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఒక్క చుట్టుకు ఎనిమిది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. వివరం వెదకి తేవడానికి పది మిల్లీసెకన్లు అనుకోండి. అదే ర్యామ్ నుంచి తేవడానికి సెకనులో కోటి వంతు చాలు. తేడా లక్ష రెట్లు! ర్యామ్ నుంచి తేవడానికి ఒక సెకను పడుతుందని ఊహించుకుంటే, డిస్కు నుంచి తేవడానికి ఒక రోజు దాటుతుంది. కంప్యూటరు బిగుసుకుపోయినట్టు కనబడినా, డిస్కు దీపం ఆరకుండా మినుకుమినుకుమంటూంటే ఇదే జరుగుతోందేమో చూడాలి. దీనికి మందు ఫార్మాట్ కాదు. తెరిచి ఉంచిన పనులు తగ్గించడం, లేదా ర్యామ్ పెంచడం.

డిస్కు నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తోందా? అప్పుడు జాగ్రత్త. డిస్కు మీద పాడైన చోటును చదవలేక పదేపదే ప్రయత్నిస్తూండవచ్చు. అలాంటప్పుడు మొట్టమొదటి పని, మీకు విలువైనవన్నీ మరో చోటికి ప్రతి తీసుకోవడం. మిగతావన్నీ తర్వాత.

మరో రకం చిక్కు వినండి. వంటింట్లో ఒకరి చేతిలో కత్తిపీట ఉంది, మరొకరి చేతిలో వంకాయల బుట్ట ఉంది. "నువ్వు బుట్ట ఇస్తే గాని నేను కత్తిపీట ఇవ్వను" అని ఒకరు, "నువ్వు కత్తిపీట ఇస్తే గాని నేను బుట్ట ఇవ్వను" అని మరొకరు పట్టుబట్టి కూర్చున్నారు. ఎవరిలోనూ లోపం లేదు, అయినా కూర తెమలదు. కంప్యూటరులో రెండు పనులు ఇలా ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోవడాన్ని "డెడ్‌లాక్" అంటారు.

ఇవన్నీ కంప్యూటరే చెప్పకూడదా అని అడుగుతారేమో. ఏ ప్రోగ్రాము ఎప్పటికైనా ముగుస్తుందో, ఏది ముగియకుండా అలాగే తిరుగుతూ ఉంటుందో అన్ని సందర్భాలలోనూ తేల్చగల పద్ధతి ఏదీ ఉండదని అలన్ ట్యూరింగ్ అనే గణితవేత్త 1936లోనే నిరూపించాడు. అప్పటికి నేటి కంప్యూటర్లు పుట్టనే లేదు! అందుకే విండోస్ ఒక మోటు పద్ధతి పాటిస్తుంది. ఏ ప్రోగ్రామయినా అయిదు సెకన్లపాటు పిలిస్తే పలకకపోతే "నాట్ రెస్పాండింగ్" అని రాస్తుంది. అంటే "పలకడం లేదు" అని మాత్రమే. "చచ్చిపోయింది" అని కాదు.

సగానికి సగం

ఇన్ని కారణాలలో మనది ఏదో ఎలా తేలుతుంది? మీరు చిన్నప్పుడు ఆడిన ఆటే. ఒకటి నుంచి 16 లోపు నేనొక అంకె తలుచుకుంటాను. "ఎనిమిది కన్నా పెద్దదా?" అని అడిగితే సగం అంకెలు ఒక్కసారే పోతాయి. నాలుగు ప్రశ్నలలో జవాబు దొరుకుతుంది. మంచి ప్రశ్న అంటే అనుమానితులను సగానికి తగ్గించేది.

కంప్యూటరు విషయంలో మొదటి మంచి ప్రశ్న ఇది: లోపం ప్రోగ్రాములలోనా, యంత్రంలోనా? దీనికి జవాబు చెప్పడానికి ఇల్లు తగలబెట్టనక్కరలేదు. ఉబుంటు వంటి లినక్స్‌ను ఒక పెన్ డ్రైవులో ఎక్కించి, దానితోనే కంప్యూటరును నడిపించి చూడవచ్చు. ఎక్కించే పెన్ డ్రైవు మాత్రం ఖాళీది కావాలి. మొదలయ్యేటప్పుడు ఊరికే ప్రయత్నించి చూస్తానన్న దారి ఎంచుకోవాలి, ఇన్‌స్టాల్ అన్న దారి కాదు. అప్పుడు మీ డిస్కు మీద ఉన్నదేదీ చెరగదు. అలా నడిపినా ఆగుతోందా? అయితే అనుమానం యంత్రం మీదికి, వేడి మీదికి, కరెంటు మీదికి పోతుంది. అలా నడిపితే ఎంతసేపటికీ ఆగడం లేదా? అయితే పాత ప్రోగ్రాములను, డిస్కును అనుమానించాలి. పైగా ఈ పెన్ డ్రైవు దారినే మీ ఫైళ్ళను మరో చోటికి ప్రతి తీసుకోవచ్చు కూడా.

కంప్యూటరు వేయగానే తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములు 16 ఉన్నాయనుకోండి. ఎనిమిదింటిని ఆపి చూడండి. ఆగడం మానితే దోషి ఆ ఎనిమిదింటిలో ఉండాలి. తర్వాత నాలుగు, రెండు, ఒకటి. నాలుగు ప్రయోగాలతో అయిపోతుంది.

ఇక్కడ ఒక్క నియమం మరవకండి. ఒక్కసారికి ఒక్క మార్పే. దుమ్ము దులిపి, ర్యామ్ మార్చి, యాంటీవైరస్ వేసి, ఫార్మాట్ చేసి, అన్నీ ఒకే సాయంత్రం చేస్తే కంప్యూటరు బాగుపడవచ్చు గాని మీకు తెలిసేది సున్న. మరొక జాగ్రత్త. మీ కంప్యూటరు వారానికొకసారి ఆగుతుందనుకోండి. మార్పు చేశాక రెండు రోజులు ఆగలేదని సంబరపడకండి. మామూలుగా ఎన్నాళ్ళకొకసారి ఆగుతుందో దానికి కనీసం మూడింతల కాలం చూసి, అప్పుడు మాట్లాడండి.

విప్పి చూడలేని కంప్యూటరు

1997 జూలై 4న పాత్‌ఫైండర్ అనే అమెరికా వ్యోమనౌక అంగారక గ్రహం మీద దిగింది. కొద్ది రోజులకే దాని కంప్యూటరు ఉండి ఉండి మొదటికి వచ్చేయడం మొదలుపెట్టింది. ముఖ్యమైన పని ఒకటి సమయానికి ముగియకపోతే కంప్యూటరు తనంతట తాను మళ్ళీ మొదలయ్యే ఏర్పాటు అందులో ఉంది. అలా మొదలైనప్పుడల్లా ఆనాటి పని వెనకబడిపోయేది. ఇక్కడి నుంచి పంపిన సంకేతం అక్కడికి చేరడానికే పది నిమిషాలకు పైగా పట్టేది. అక్కడికి రిపేరు షాపు కుర్రవాణ్ణి పంపలేం కదా!

ఇంజనీర్లు ఏం చేశారు? భూమి మీద తమ దగ్గరున్న అదే రకం కంప్యూటరును అదే విధంగా నడిపించారు. లోపల జరిగే ప్రతి అడుగూ నమోదయ్యేలా ఏర్పాటు చేశారు. చివరికి ఇక్కడ కూడా అదే లోపం వచ్చింది. నమోదు తిరగేస్తే సంగతి తెలిసింది. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని ఒకటి, ముఖ్యమైన పనికి కావలసిన తాళాన్ని పట్టుకుని ఉంది. ఆ చిన్న పనిని ముగియనీయకుండా మధ్యరకం పనులు అడ్డుపడుతున్నాయి. దాంతో ముఖ్యమైన పని ఆగిపోతోంది. చిన్న పని తాళం పట్టుకుని ఉన్నంతసేపూ దానికి కూడా ముఖ్యమైన పని హోదా దక్కేలా ఒక చిన్న సవరణ పంపారు. రోగం కుదిరింది.

ఇందులో యంత్రాన్ని తుడిచివేయడం ఎక్కడా లేదు. లోపాన్ని మళ్ళీ రప్పించి, చూసి, ఒక్క మార్పు చేశారు. మన ముందు గదిలోని కంప్యూటరుకు పనికిరానంత గొప్ప విద్య కాదిది.

కొన్ని అభ్యంతరాలు

"షాపువాళ్ళకు ఇంత తీరిక ఎక్కడిది?" అనవచ్చు. నిజమే. రోజుకు ఎన్నో పెట్టెలు వస్తాయి. ప్రతివాళ్ళూ సాయంత్రానికల్లా కావాలంటారు. పది రోజులు గమనించే వీలు ఆ కుర్రవాడికి లేదు. ఆ వీలు ఉన్నది మనకే, కంప్యూటరు మన ఇంట్లో ఉంది గనుక. నోటు పుస్తకం చేతికిస్తే అతను కూడా సంతోషిస్తాడు. మా షాపు కుర్రవాడు ఆ పుటలు చదివి, "ఇలా రాసి తెస్తే మాకు సగం పని తప్పుతుంది మాస్టారూ" అన్నాడు.

"పిల్లలు ముట్టుకుంటే పాడవుతుంది" అని పెద్దలు అంటారు. వారి భయంలో న్యాయం ఉంది. కాబట్టి పెద్దవాళ్ళు పక్కన లేకుండా పెట్టె విప్పకండి. విప్పే ముందు ప్లగ్గు పూర్తిగా పీకండి. వెనకవైపు కరెంటు తీగ వచ్చి చేరే రేకు డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ తెరవకండి. మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టులు శిఖరం దగ్గర దాదాపు 325 వోల్టులు ఉంటుంది. ఆ డబ్బాలోని కెపాసిటర్లు ప్లగ్గు పీకిన తర్వాత కూడా ఆ విద్యుత్తును దాచుకుని ఉండవచ్చు. అయితే గమనించడానికి, రాయడానికి, ఆలోచించడానికి స్క్రూడ్రైవరు అక్కరలేదు. కరెంటు షాకు భయమూ లేదు.

"మా ఇంట్లో కంప్యూటరే లేదు" అంటారా? సైకిలు గొలుసు ఊరికే ఊడిపోతోందా? మిక్సీ మధ్యలో ఆగుతోందా? ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతోందా? నోటు పుస్తకానికి ఏదైనా ఒకటే.

ఫార్మాట్ ఎప్పుడూ వద్దని నేను అనడం లేదు. లోపం ప్రోగ్రాములలోనే ఉందని తేలి, విలువైనవన్నీ రెండో చోట భద్రంగా ఉన్నాయని తెరిచి చూసుకుని, చిన్న చికిత్సలు ఫలించకపోతే అప్పుడు నిక్షేపంగా చేయించుకోండి.

చివరగా ఆ పదో తరగతి అమ్మాయి సంగతి. నా మాట విని నోటు పుస్తకం పెట్టింది. మూడు వారాల తర్వాత తెచ్చి చూపించింది. వాళ్ళ ఇంట్లో గది వేడికీ, ఆగడానికీ సంబంధం లేదు. కాని ఆగిన తొమ్మిది సార్లలో ఏడు సార్లు, అదే నిమిషంలో, కింది వాటావాళ్ళు నీళ్ళ మోటారు వేశారు. మోటారు మొదలైనప్పుడు ట్యూబులైటు కూడా ఒక్కసారి కొట్టుకుంటోందని పక్కన రాసింది. తర్వాత వాళ్ళను అడిగి మూడుసార్లు కావాలని మోటారు వేయించింది. రెండుసార్లు కంప్యూటరు ఆగింది.

"అయితే కారణం దొరికిందన్నమాట!" అన్నాను ఉత్సాహంగా.

"ఇంకా లేదండీ" అంది ఆ అమ్మాయి. "మా మావయ్యగారింట్లో యూపీఎస్ ఉందండీ. అది తెచ్చి పెట్టి, మోటారు వేయించి చూడాలండీ. అప్పుడు ఆగకపోతే, మళ్ళీ తీసేసి చూడాలండీ."

నేను రెండేళ్ళ పాఠాలు చెప్పినా రాని సంగతి ఒక మొండి కంప్యూటరు ఆమెకు నేర్పింది. మీరు కూడా నేర్చుకోండి. ఈ ఆదివారం మాత్రం ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో కంప్యూటరులోనో, ఫోనులోనో ఒక్కచోటే ఉన్న బొమ్మలు, గొంతులు, రాతలు ఏమేమి ఉన్నాయో వెదకండి. వాటికి మరో ప్రతి తీసి వేరేచోట పెట్టండి. అది సరిగా తెరుచుకుంటోందో లేదో చూడండి. ఆ తర్వాత నోటు పుస్తకం తీసి అయిదు గళ్ళు గీయండి.